పాత జపాన్ బళ్లను ఇంట్లోనే మెల్లగా ఒరిజినల్‌కి తెచ్చుకోవడం: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో గోనెపట్టా పరుచుకుని బండి విప్పుతుంటే, పాలప్యాకెట్ కోసం దిగినవాళ్లు కూడా ఆగి అడుగుతారు: "మా నాన్నగారి బండి ఊళ్లో పడి ఉందండీ, దాన్ని కూడా ఇలా చేయొచ్చా?" పెళ్లిలో ఎదురుపడ్డవాళ్లదీ, ఆఫీసు లంచ్‌లో పట్టుకున్నవాళ్లదీ అదే డౌటు. నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి రాసి పెట్టాను. నేను మెకానిక్‌ను కాను. ఒక ఆర్‌ఎక్స్ 100 పూర్తి చేశాను, ఒక రాజ్‌దూత్ 350 మూడేళ్లుగా చేస్తూనే ఉన్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## కొనే ముందు

"జపాన్ బండి" అంటున్నారు, ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో తయారైందే కదా?

అవును. కానీ డిజైన్ జపాన్‌దే. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ 350 పేరుతో తెచ్చారు. 1984లో సుజుకి వాళ్లు టీవీఎస్‌తో కలిసి తెచ్చిన ఇండ్-సుజుకి ఏఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది చివర్లో యమహా ఆర్‌ఎక్స్ 100, ఆ తర్వాత కవాసాకి బజాజ్ కేబీ 100 వచ్చాయి. ఆర్‌ఎక్స్ 100 మొదటి విడతల్లో చాలా భాగాలు జపాన్ నుంచే వచ్చాయి, ఇక్కడ బిగించారు. అందుకే ఎర్లీ మోడల్ అంటే అంత గిరాకీ. "మేడ్ ఇన్ జపాన్" అని అచ్చున్న చిన్న కాయిల్ ఒకటి కనిపించినా అమ్మేవాడి గొంతు మారిపోతుంది.

మొదటిసారి చేస్తున్నాను. ఏ బండితో మొదలుపెట్టాలి?

ఇంట్లో తాతదో బాబాయిదో బండి ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, దానితోనే మొదలుపెట్టండి. దాని చరిత్ర మీకు తెలుసు, కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో తెలుసు.

బయట కొనాలంటే ఆర్‌ఎక్స్ 100 పని నేర్చుకోవడానికి మంచి బడి. ఒకటే సిలిండర్, 98 సీసీ, టూ స్ట్రోక్ కాబట్టి వాల్వులు, క్యామ్ చైను గొడవ లేదు. హెడ్డు, సిలిండర్ విప్పడానికి ఒక పూట చాలు. 1996 దాకా తయారైంది కాబట్టి సామాను కూడా దొరుకుతుంది. చిక్కల్లా ధరే: నడిచే కండిషన్‌లో ఉన్నదానికి లక్ష దాటి చెప్పేవాళ్లున్నారు. బడ్జెట్ తక్కువైతే సీడీ 100 చూడండి. దాని మీద ఎవరికీ మోజు లేదు కాబట్టి బేరం మీ చేతిలో ఉంటుంది.

రాజ్‌దూత్ 350తో మాత్రం మొదలుపెట్టకండి. 347 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, రెండు జతల ఇగ్నిషన్ పాయింట్లు, ఆరు గేర్లు. ఏ పనైనా రెండుసార్లు చేయాలి, రెండూ సమానంగా రావాలి. నాకు ఈ సలహా ఇచ్చినవాళ్లున్నారు, నేనే వినలేదు.

అమ్మేవాడు "ఇంజిన్ ముట్టలేదు, కంపెనీ పీస్" అంటున్నాడు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఇంజిన్ పక్క కవర్ల స్క్రూల తలలు చూడండి. గాళ్లు చెదిరిపోయి, ఉలితో కొట్టిన గాట్లు ఉంటే ఇంజిన్ చాలాసార్లు విప్పినట్టే. తర్వాత ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఆర్‌ఎక్స్ 100 నంబరు 1ఎల్1తో మొదలవుతుంది. నంబరు ఉన్న చోట గ్రైండర్ గీతలు, కొత్త పెయింటు ఉంటే అక్కడే ఆగిపోండి. ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ ఎక్కించి 100గా అమ్మడం కూడా ఉంది.

వెళ్లేముందు ఫోన్‌లో "బండి స్టార్ట్ చేసి పెట్టకండి" అని చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటే చల్లటి స్టార్టింగ్‌లో ఏదో తేడా ఉంది. ట్యాంకు మూత తీసి టార్చ్ వేసి లోపల తుప్పుందేమో చూడండి.

ఇంకోటి అందరూ మర్చిపోయేది: చిన్న సామాను. సైడ్ ప్యానెళ్లు, చైన్ కవర్, ఇండికేటర్లు, మీటరు, తాళం సెట్టు, వెనక పట్టుకునే రాడ్డు. ఇంజిన్ పనికి ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోవచ్చు. పోయిన సైడ్ ప్యానెల్ ఎప్పుడు దొరుకుతుందో, దొరికితే ఎంత చెప్తారో ఎవరూ చెప్పలేరు. అన్నీ ఉండి ఇంజిన్ సీజ్ అయిన (బిగుసుకుపోయిన) బండి, సగం లేని నడిచే బండి కంటే మేలు.

ఆర్‌సీ లేదు కానీ చాలా తక్కువకి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

వద్దు. దొంగబండి కాకపోయినా రోడ్డు మీదికి తేలేరు. "డూప్లికేట్ ఆర్‌సీ తెప్పిస్తా" అన్నా, దానికి దరఖాస్తు చేయాల్సింది రికార్డులో ఉన్న ఓనరు, మీరు కాదు. ఆ ఓనరు ఎదురుగా ఉండి, కాగితాలు తన పేరు మీదే తెప్పించాక డబ్బు ఇవ్వండి. లేదంటే దాన్ని విడిభాగాల కోసం కొన్నట్టే అనుకోవాలి.

కర్ణాటక, మహారాష్ట్ర బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ ట్యాక్సు కట్టాలి. బేరం చేసేటప్పుడే ఆ ఖర్చు కలుపుకోండి.

బండికి నలభై ఏళ్లు దాటాయి. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చా?

ఇంకా కాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. 1985 ఆర్‌ఎక్స్ 100కి ఆ అర్హత 2035లో వస్తుంది. పైగా వింటేజ్ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, రిపేరు లాంటి అవసరాలకు తప్ప మామూలుగా తిప్పకూడదు. రోజూ కాకపోయినా వారానికోసారి ట్యాంక్‌బండ్ మీద ఒక రౌండ్ వేయాలని ఉంటే మామూలు ఆర్‌సీని రెన్యూవల్ చేయించుకుంటూ ఉండటమే మంచిది.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఈ పని చేయొచ్చా? పక్కవాళ్లు గొడవ పెట్టుకుంటారేమో.

చేయొచ్చు. ఒక కారు జాగాలో సగం చాలు. అయితే టూ స్ట్రోక్ పొగ సెల్లార్‌లో వదలకండి, బండి స్టార్ట్ చేయాలంటే బయటికి తోసుకెళ్లండి. నేల మీద ఆయిల్ మరక పడితే అసోసియేషన్ మీటింగ్‌లో మీ పేరే మొదటి అంశం. కింద అట్టముక్క, దాని మీద రంపపుపొట్టు వేసుకోండి.

విడిభాగాలను పెట్రోలుతో కడగడం మన మెకానిక్ షెడ్లలో మామూలే. ఇంట్లో మాత్రం ఆ అలవాటు వద్దు. సెల్లార్‌లో పెట్రోలు ఆవిరి నేలబారున చాలా దూరం పాకుతుంది, స్విచ్ వేసినా అంటుకోవచ్చు. కిరోసిన్ ఇప్పుడు సులువుగా దొరకదు కాబట్టి డీజిల్, పాత పెయింటింగ్ బ్రష్ చాలు. పై అంతస్తు బాల్కనీలో చేసేవాళ్లయితే వంటింట్లో గ్యాస్, పూజగదిలో దీపం గుర్తుంచుకోండి.

## విప్పేటప్పుడు

మొత్తం విప్పేసి ఫ్రేమ్ దాకా వెళ్లాలా, లేక కొంచెం కొంచెంగా చేయాలా?

నన్నడిగితే కొంచెం కొంచెంగా. సిటీలో ఎన్ని సెల్లార్లలో అట్టపెట్టెల్లో పడుకున్న బళ్లున్నాయో! ఉత్సాహంలో ఒక శని ఆదివారాల్లో మొత్తం విప్పేస్తారు. రెండో నెలలో ఆఫీసు పని, మూడో నెలలో ఇంట్లో శుభకార్యం. ఆరు నెలల తర్వాత ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తుండదు. చివరికి పెట్టెలతో సహా అమ్మేస్తారు.

నేను పాటించే పద్ధతి ఇది: బండి ఎప్పుడూ తోసుకెళ్లగలిగేలా, వీలైతే నడిచేలా ఉండాలి. ఒకసారికి ఒకటే భాగం. ముందు బ్రేకులు, చక్రాలు. అవి బిగించి తిప్పి చూశాక కార్బురేటర్. అది కుదిరాక వైరింగ్. ఆ తర్వాత అవసరమైతేనే ఇంజిన్. పెయింటు ఆఖరున. ఇలా చేస్తే ఏ పని తర్వాత ఏ తేడా వచ్చిందో తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మార్చి బిగించాక బండి స్టార్ట్ కాకపోతే, తప్పు ఎక్కడుందని వెతుకుతారు?

ఫ్రేమ్ తుప్పు పట్టి చిల్లులు పడినా, యాక్సిడెంట్‌లో వంగినా వేరే దారి లేదు, మొత్తం విప్పాల్సిందే.

స్క్రూడ్రైవర్ పెడితే జారిపోతోంది, స్క్రూ తల అరిగిపోయింది. ఏం చేయాలి?

తప్పు మీ చేతిది కాదు, స్క్రూడ్రైవర్‌ది. పాత జపాన్ బళ్ల మీది ప్లస్ స్క్రూలు మనం బజార్లో కొనే ఫిలిప్స్ రకం కావు. అవి జేఐఎస్ అనే జపాన్ కొలతవి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కొన్నింటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. ఫిలిప్స్ మొన వాటిలో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే పైకి లేచి గాడిని చెరిపేస్తుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మీరు కొనే మొదటి పనిముట్టు అదే అవ్వాలి. రెండోది సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్.

ముందురోజు రాత్రి పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి వదిలేయండి. పొద్దున స్క్రూ తల మీద సుత్తితో రెండు మెల్లని దెబ్బలు, తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్. అల్యూమినియం కేసింగ్ అయితే హాట్ ఎయిర్ గన్‌తో చుట్టూ వేడి చేయండి. ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. అప్పటికీ రాకపోతే డ్రిల్లుతో తల ఒక్కటే లేపేసి, కవర్ తీశాక మిగిలిన కాడను ప్లయర్‌తో తిప్పండి.

ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోవడం ఎలా?

ఫోన్‌లో ఫోటోలు తీయండి, విప్పాక కాదు, విప్పకముందు. కేబుల్ ఏ వైపు నుంచి వెళ్తోంది, వాషర్ లోపల ఉందా బయట ఉందా అన్నది కనిపించాలి. క్రాంక్ కేస్ స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడవు ఉంటాయి. అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడే గుచ్చి పెట్టండి. మిగతావాటికి మా ఇంట్లో స్వీటు డబ్బాలు వాడతాను, పైన మార్కర్‌తో పేరు రాసి. పాత నట్టు, పాత వాషర్ ఏదీ పారేయకండి, కొత్తది బిగించి బండి నడిచేదాకా.

## ఇంజిన్

పదేళ్లుగా షెడ్డులో నిలబడ్డ బండి. పెట్రోలు పోసి కిక్ కొట్టి చూడొచ్చా?

ఆగండి. లోపల పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు, బలంగా కిక్ కొడితే రింగు విరుగుతుంది. ముందు ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో రెండు మూడు చెంచాల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ కదపండి. ఇంజిన్ తిరిగితేనే కిక్.

ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే ఒంపేయండి, కార్బురేటర్ కడగండి, గేర్ ఆయిల్ మార్చండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ట్యాంకు బిగించక్కర్లేదు. సీసాలో కాస్త పెట్రోలు, అందులో ఆయిల్ కలిపి పైపుతో ఇస్తే చాలు.

స్టార్ట్ అయింది కానీ తెల్లటి పొగ ఆగట్లేదు. బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగిపోయినట్టేనా?

టూ స్ట్రోక్‌లో తెల్ల పొగ అంటే బోరే అనుకోనక్కర్లేదు. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్ కాలుతున్నా వస్తుంది, అది పది ఇరవై కిలోమీటర్లలో తగ్గుతుంది. తగ్గకపోతే గేర్ ఆయిల్ కొలిచి చూడండి. అది తగ్గుతూ ఉంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు (ఇంజిన్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగు) పోయింది, ఇంజిన్ గేర్ ఆయిల్ తాగుతోంది.

అంతకంటే ప్రమాదం మ్యాగ్నెట్ వైపు సీలు. అది పోతే పొగ రాదు. బయటి గాలి లోపలికి లాగుతుంది, పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కి సీజ్ అవుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఐడ్లింగ్ దానంతట అది పెరుగుతుంటే ఈ సీలునే అనుమానించండి. రెండు సీళ్లూ నలభై ఏళ్ల రబ్బరే కదా, ఇంజిన్ విప్పితే అడగకుండా మార్చేయండి.

రీబోర్ (అరిగిన సిలిండర్‌ని కాస్త పెద్దగా కోయించడం) చేయించాలంటే ముందు ఏం కొనాలి? ఎక్కడ చేయించాలి?

ముందు పిస్టన్ కొనండి, తర్వాతే సిలిండర్‌ని లేత్‌కి తీసుకెళ్లండి. బోరింగ్ చేసేవాడు పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గట్టు సిలిండర్ కోయాలి. పిస్టన్ చూడకుండా "జీరో టూ ఫైవ్ కొట్టేస్తా" అనేవాడి దగ్గర నుంచి సిలిండర్ తిరిగి తెచ్చుకోండి. ఓవర్‌సైజులు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు. పాత సిలిండర్ అప్పటికే ఎంత దాకా వెళ్లిందో కొలిపించుకుంటే ఇంకెన్ని సార్లకు వస్తుందో తెలుస్తుంది.

బోర్ అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు కత్తుల్లా ఉంటాయి. వాటిని సన్నగా చెక్కి మొద్దుబార్చమని అడగండి, లేదంటే రింగు వాటికి తగులుకుని విరుగుతుంది. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, నాలుగు వందల కిలోమీటర్లకే తెలిసొచ్చింది. బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం ముందుకి, అంటే సైలెన్సర్ పోర్టు వైపు ఉండాలి. రింగు కొసలు గాడిలోని చిన్న మేకు దగ్గర కూర్చోవాలి. పిస్టన్ పిన్ను జారకుండా ఆపే సర్క్లిప్‌లు ప్రతిసారీ కొత్తవే.

బాలానగర్ చుట్టుపక్కల లేత్ పనివాళ్లకు కొదవ లేదు. కానీ రోజూ టూ స్ట్రోక్ సిలిండర్లు కోసేవాడిని వెతకండి.

ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లో కలుపుకోమంటున్నాడు మా ఉస్తాద్. చేయమంటారా?

ఆర్‌ఎక్స్ 100లో ఉన్న ఆటోలూబ్ పంపు యాక్సిలరేటర్‌ని బట్టి ఆయిల్ కొలిచి ఇస్తుంది. చక్కటి ఏర్పాటు. ఒరిజినల్ కావాలనుకునేవాళ్లు దాన్ని తీసేయడంలో అర్థం లేదు. పంపు చెడిందని చెప్పే వాటిలో చాలావాటికి అసలు జబ్బు పైపులో గాలి. ఆయిల్ పైపు ఒకసారి ఊడదీస్తే పంపు మీది స్క్రూ తీసి గాలి బుడగలు పోయేదాకా ఆయిల్ కారనివ్వాలి. అది చేయకుండా బండి తీసుకెళ్లినవాడే సీజ్ చేసుకొచ్చి పంపుని తిడతాడు. పంపు మీద నమ్మకం కుదిరేదాకా మొదటి ట్యాంకులో లీటరుకు 25 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కూడా కలపండి. కాస్త పొగ ఎక్కువొస్తుంది, అంతే.

పంపు నిజంగానే పోయి, దొరకకపోతే లీటరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు కలుపుకోవాలి. డబ్బా మీద జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్న ఆయిల్ తీసుకోండి. కారు ఇంజిన్ ఆయిల్ పనికిరాదు.

ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుతో ఈ బళ్లకు ఏమవుతుంది?

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్. ఈ బళ్లు చేసినప్పుడు అలాంటిది ఒకటి వస్తుందని ఎవరూ అనుకోలేదు. దీనివల్ల మూడు ఇబ్బందులు. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బుతాయి లేదా పెళుసుబారతాయి. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో బండి కదలకుండా ఉంటే ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు మొదలవుతుంది. మూడోది, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే కార్బురేటర్ జెట్‌తో (పెట్రోలు వదిలే సన్న రంధ్రంతో) మిశ్రమం పలచబడుతుంది.

పెట్రోలు పైపు ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి, కార్బురేటర్ రబ్బర్లు కొత్తవి వేయండి. ప్లగ్ రంగు చూస్తూ ఉండండి: లేత గోధుమరంగు ఉంటే సరి, తెల్లగా పాలిపోతే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. రెండు వారాలకు మించి తీయకపోతే పెట్రోలు కాక్ మూసి, కార్బురేటర్ కింది గిన్నె ఖాళీ చేయండి.

సైలెన్సర్ లోపలి బఫిల్ (శబ్దం తగ్గించే గొట్టం) తీసేస్తే పికప్ పెరుగుతుందట, నిజమేనా?

శబ్దం పెరుగుతుంది. అది చెవికి పికప్‌లా వినిపిస్తుంది. టూ స్ట్రోక్ సైలెన్సర్ ఒట్టి గొట్టం కాదు, లోపల తిరిగొచ్చే పీడన తరంగం బయటికి జారిపోబోయే తాజా పెట్రోల్ మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. దాన్ని కెలికితే కింది స్పీడులో లాగుడు పోతుంది. పోలీసుల సంగతి సరేసరి. బఫిల్ పైపు బయటికి లాగి, మసి కాల్చి, వైర్ బ్రష్ కొట్టి మళ్లీ పెట్టండి. నిజంగా పోయిన పికప్ చాలావరకు అక్కడే ఉంటుంది.

## ట్యాంకు, పెయింటు, క్రోమ్

ట్యాంకు లోపల తుప్పు. ఇంట్లోనే పోతుందా?

పోతుంది. నిమ్మ ఉప్పు చాలు, యాసిడ్ వద్దు. కాక్ తీసి ఆ రంధ్రం గట్టిగా మూసేయండి. లీటరు వేడినీళ్లకు వంద గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచండి. పెచ్చులు ఎక్కువుంటే ముందుగా గుప్పెడు నట్లు వేసి ఊపండి, లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. ఒంపాక వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే మీ కళ్ల ముందే మళ్లీ నారింజ రంగు పడుతుంది. ఆరగానే టూటీ ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి అన్ని వైపులా తిప్పండి.

ఇదంతా పెయింటు వేయించక ముందు. ఆ నీళ్లు కారితే కొత్త పెయింటు పాడవుతుంది.

పాత పెయింటు వెలిసిపోయింది. మొత్తం కొత్తది వేయించనా?

కంపెనీ పెయింటు ముప్పావు వంతు బాగుంటే ముట్టుకోకండి. రబ్బింగ్ కాంపౌండ్‌తో ఒక భాగం మీద ప్రయత్నించండి, కింద నుంచి ఎంత మెరుపు వస్తుందో చూసి ఆశ్చర్యపోతారు. ఒరిజినల్ పెయింటు ఒక్కసారే ఉంటుంది. పైన చిన్న గీతలుండి స్టిక్కర్లు కంపెనీవే అయిన బండికి, షోరూమ్‌లా మెరిసే రీపెయింట్ బండి కంటే తెలిసినవాళ్ల దగ్గర ఎక్కువ విలువ ఉంటుంది.

వేయించక తప్పదంటే అసలు రంగు ఎక్కడ దాక్కుందో వెతకండి: సీటు కింద, సైడ్ ప్యానెల్ లోపలి వైపు, ట్యాంకు వెనక అంచు కింద. ఎండ తగలని ఆ చోటు చూపించి షేడ్ కలిపించండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదు. నా బండి మొదటిసారి అలాగే చేయించి, నీలం కాస్తా ఆకాశనీలం అయ్యి, మళ్లీ గీకించాను. గీకక ముందే స్టిక్కర్ల మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి ఆకారం, అంచుల నుంచి దూరం గీసి పెట్టుకోండి.

వానాకాలంలో పెయింటు వేయించకండి. గాలిలో తేమకి పైపొర పాలిపోతుంది. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం.

రిమ్ములు, సైలెన్సర్ మళ్లీ క్రోమ్ చేయించాలా?

పైపై తుప్పయితే అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో ముంచి రుద్దండి. సగం బళ్లకు ఇది చాలు. పొర లేచిపోతేనే ప్లేటింగ్. అప్పుడు కూడా "ముందు నికెల్ ఎంత వేస్తారు?" అని అడగండి. మెరుపు క్రోమ్‌ది, తుప్పు ఆపేది నికెల్. బఫింగ్‌లో రిమ్ము మీది కంపెనీ ముద్ర అరిగిపోకుండా చూడమని రాసి అంటించండి. ఇచ్చే ప్రతి ముక్కనీ ఫోటో తీసి, లెక్క రాసి సంతకం తీసుకోండి. ఒకచోట ఇచ్చిన పద్నాలుగు బోల్టుల్లో నాకు పదకొండే తిరిగొచ్చాయి.

## స్పేర్లు

హైదరాబాద్‌లో పాత సామాను ఎక్కడ దొరుకుతుంది?

బేరింగులు, సీళ్లు, నట్టుబోల్టులకు రాణీగంజ్. పాత బేరింగ్ మీది నంబరు చూపిస్తే చాలు, బండి పేరు చెప్పక్కర్లేదు. చెప్తే రేటు పెరుగుతుంది కూడా. మామూలు విడిభాగాలకు కోఠీ, పుత్లీబౌలి. గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత అదృష్టం మీద ఆధారపడినవి: పది వారాలు ఖాళీ చేతులతో వచ్చి, పదకొండో వారం పాత మీటరు ఒకటి దొరుకుతుంది. ఎవరిదో ఊడదీసి తెచ్చిందని అనుమానం వస్తే మాత్రం ముట్టుకోకండి. అన్నిటికంటే మంచి దారి, జిల్లాల్లో మూతపడ్డ పాత స్పేర్ల దుకాణాలు. ఊరెళ్లినప్పుడు బస్టాండు దగ్గర పాత బోర్డు కనిపిస్తే ఆగి అడగండి.

పాత ఒరిజినల్ ముక్క వేయాలా, కొత్త లోకల్ మాల్ వేయాలా?

ప్రాణం దాని మీద ఆధారపడితే కొత్తది: బ్రేక్ లైనర్లు, కేబుళ్లు, టైర్లు, చైను. కంటికి కనిపించేదైతే పాతది: లివర్లు, మీటరు, ఇండికేటర్లు, బ్యాడ్జీలు. కొంచెం అరిగిన ఒరిజినల్ క్లచ్ లివర్, మెరిసే నకలు లివర్ కంటే చేతికి బాగా కూర్చుంటుంది. కార్బురేటర్ సంగతైతే అనుమానమే లేదు, పాత మికునీని కడిగి వాడుకోండి. బాడీ మీద అచ్చు స్పష్టంగా లేని కొత్త కార్బురేటర్‌తో ట్యూనింగ్ ఎప్పటికీ కుదరదు.

## వైర్లు, బ్రేకులు, టైర్లు

హారన్ వేస్తే ఇండికేటర్ వెలుగుతోంది. వైరింగ్ మొత్తం మార్చాలా?

ముందు ఎర్త్ చూడండి. ఫ్రేమ్‌కి పెయింటు వేసినప్పుడు ఎర్త్ బిగించే చోట కూడా వేసేస్తారు, కరెంటు తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. అక్కడ ఎమరీ పేపర్‌తో గీకి బిగిస్తే సగం దయ్యాలు వదులుతాయి. తర్వాత హెడ్‌లైట్ డూమ్‌లోని కనెక్టర్లు ఒక్కోటి ఊడదీసి శుభ్రం చేయండి. ఆర్‌ఎక్స్ 100లో హెడ్‌లైట్ నేరుగా మ్యాగ్నెట్ కరెంటుతో వెలుగుతుంది కాబట్టి ఇంజిన్ ఆగితే లైటు పోవడం జబ్బు కాదు.

బ్రేకు బాగా పట్టట్లేదు. డిస్క్ పెట్టించేయమంటారా?

ఒరిజినల్ దారిలో వెళ్తున్నప్పుడు డిస్క్ ఊసు వద్దు. డ్రమ్ లోపల గుండ్రంగా ఉందో లేదో లేత్‌లో చూపించి, లైనర్ మార్చి, క్యామ్‌కి గ్రీజు పెట్టి, కొత్త కేబుల్ వేస్తే తేడా తెలుస్తుంది. రాజ్‌దూత్ 350 ముందు డ్రమ్‌లో రెండు క్యామ్‌లుంటాయి, వాటిని కలిపే రాడ్డు సరిచేసి రెండు షూలూ ఒకేసారి తాకేలా చూడాలి. అయినా ఆ బండి వేగానికి ఆ బ్రేకు చాలదనే మాట కొత్తగా ఉన్నప్పటి నుంచీ ఉంది. మీరే నెమ్మదిగా వెళ్లాలి.

పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడిచి పారేయండి.

టైర్లు చూడ్డానికి కొత్తగానే ఉన్నాయి. మార్చాలా?

పక్కన నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. పక్కల్లో సన్నని బీటలుంటే గాడి ఎంత లోతున్నా మార్చండి. ఆర్‌ఎక్స్ 100కి ముందు 2.50-18, వెనక 2.75-18. లావు టైరు బాగుంటుందని ఎక్కించకండి, బండి వంగదు.

## రోడ్డెక్కాక

కొత్త బోరు. ఎన్ని కిలోమీటర్లు జాగ్రత్తగా నడపాలి?

మొదటి 500 కిలోమీటర్లు సగం యాక్సిలరేటర్ దాటకండి, ఒకటే స్పీడులో చాలాసేపు వెళ్లకండి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులకు ఎలాగూ అనుమతి లేదు, అది మీ మంచికే. పొద్దున ఆరింటికి నెక్లెస్ రోడ్డు లాంటి చోట ఇరవై నిమిషాలు తిప్పి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ తిప్పండి. ఇంజిన్ బిగుసుకుంటున్నట్టు అనిపించిన క్షణం క్లచ్ పట్టుకోండి. రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి.

ఆర్‌సీ గడువు ఎప్పుడో అయిపోయింది. రెన్యూవల్ అవుతుందా?

అవుతుంది. మొదటి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి చేయించాలి. ఫారం 25, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి, బండిని చూపించాలి. ఫీజు, గ్రీన్ ట్యాక్సు, ఆలస్యానికి జరిమానా కట్టాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్లే రోజు రవాణా శాఖ పోర్టల్‌లో చూసుకోండి. మరీ పాత రిజిస్ట్రేషన్ కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండకపోవచ్చు, అప్పుడు ముందు రికార్డు ఎక్కించమని దరఖాస్తు చేయాలి. రంగు మార్చి ఉంటే అది కూడా ఆర్‌సీలో మార్పించండి. ఈ పని మొదట్లోనే మొదలుపెట్టండి, ఇంజిన్ పని కంటే ఎక్కువ కాలం పట్టొచ్చు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది? ఇంట్లో ఏం చెప్పను?

మీరు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు పెట్టుకోండి. నా లెక్కల పుస్తకంలో ఇంజిన్ కంటే ప్లేటింగ్, పెయింటు, చిన్న సామాను కలిపి ఎక్కువైంది. మెల్లగా చేయడంలో సుఖం ఇదే: నెలకు ఇంత అని పెట్టుకుంటే ఇంటి బడ్జెట్‌కి తెలియదు. రెండో ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. మా ఆవిడకు ఇప్పటికీ ఆ 350 ఒక స్నేహితుడిదనే తెలుసు.

ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. బండిని ఎలా వదలాలి?

ట్యాంకు, కార్బురేటర్ పూర్తిగా ఖాళీ చేయండి. ట్యాంకులో కాస్త టూటీ ఆయిల్ పోసి తిప్పి మూత పెట్టండి. ప్లగ్ తీసి ఒక చెంచా ఆయిల్ పోసి, రెండుసార్లు మెల్లగా కిక్ నొక్కి ప్లగ్ బిగించండి. బ్యాటరీ ఊడదీసి ఎవరింట్లోనైనా ఇచ్చి నెలకోసారి ఛార్జ్ పెట్టమనండి. సెంటర్ స్టాండు వేసి, ముందు టైరు కింద చెక్క పెట్టండి. సైలెన్సర్ నోట్లో గుడ్డ కుక్కండి, లేదంటే ఎలుకలు కాపురం పెడతాయి. ప్లాస్టిక్ కవర్ వద్దు, పాత దుప్పటి కప్పండి. అప్పుడప్పుడు స్టార్ట్ చేయమని వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి వెళ్లకండి. నేను ఒకసారి ఇచ్చాను. తిరిగొచ్చేసరికి మీటరు 340 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది.